మూడు చైన్‌వీళ్ల టాండెమ్‌కి ఎలక్ట్రానిక్ గేర్లు

హైదరాబాద్

చిరంజీవులకు మీ పెదనాన్న ఆశీస్సులు.

మనకున్న, ఇద్దరు కలిసి తొక్కే సైకిల్‌కి, అదే టాండెమ్‌కి, ఎలక్ట్రానిక్ గేర్లు పెట్టొచ్చా అని అడిగారు. పెట్టొచ్చు. అయితే షాపువాళ్లు చెప్పినట్టు క్రాంకులు, అంటే పెడళ్లు బిగించే కాడలు, మొత్తం పీకేసి కొత్తవి వేయక్కర్లేదు. ఉన్న క్రాంకులే ఉంచి, చైనుని తిప్పే ముందు పళ్ల చక్రం, అదే చైన్‌వీల్, ఒక్కటి తీసేసి, ఇంకొకటి మారిస్తే పని అవుతుంది. అది ఎందుకో, ఎలాగో వివరంగా రాస్తున్నాను. తీరిగ్గా చదవండి.

ముందు అసలు ఈ ఖర్చు ఎందుకు అన్నది చూడండి. మామూలు సైకిల్‌లో హ్యాండిల్ దగ్గర నుంచి వెనక గేరు దాకా వెళ్లే స్టీల్ కేబుల్ పొడవు తక్కువ. టాండెమ్‌లో అది దాదాపు రెట్టింపు. లాగినప్పుడు అంత పొడవు కేబుల్ కొంచెం సాగుతుంది, తొడుగు కొంచెం నొక్కుకుపోతుంది, మన ఊరి దుమ్ము చేరితే రాపిడి పెరుగుతుంది. మీరు నెక్లెస్ రోడ్డు మీద తొక్కుతుంటే గేరు సగంలో ఆగి కటకటమంటుందే, దానికి కారణం ఇదే. ఎలక్ట్రానిక్ గేర్లలో కేబుల్ బదులు కరెంటు తీగ ఉంటుంది. బటన్ నొక్కితే సంకేతం వెళ్తుంది, చైనుని ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదకి మార్చే డెరెయిలర్‌లోని చిన్న మోటారు దాన్ని పక్కకి తోస్తుంది. తీగ మీటరున్నా మూడు మీటర్లున్నా తేడా లేదు. 2009లో సైకిల్ భాగాల కంపెనీ షిమానో తన రేసు రకం డ్యూరా-ఏస్‌లో డీఐ2 పేరుతో ఇది అమ్మకానికి వచ్చినప్పుడు రేసుల వాళ్ల సరదా అనుకున్నారు చాలామంది. నా లెక్కలో దీని అవసరం రేసు సైకిల్‌కన్నా టాండెమ్‌కే ఎక్కువ.

ఇక చిక్కు ఎక్కడుందంటే, రోడ్డు సైకిళ్ల డీఐ2లో ముందు డెరెయిలర్‌కి రెండే స్థానాలు తెలుసు: చిన్న చైన్‌వీల్, పెద్ద చైన్‌వీల్. మన క్రాంకుకి మూడున్నాయి, 52, 39, 30 పళ్లవి. టాండెమ్‌కి మూడు పెట్టడం వెనక అర్థం ఉంది. ఇద్దరి బలం, కానీ గాలికి ఎదురయ్యేది దాదాపు ఒక్క మనిషే. అందుకే చదునులోనూ దిగుడులోనూ దూసుకుపోతుంది. ఎక్కుడు వస్తే ఇద్దరి బరువూ లాగాలి, ఇద్దరూ ఒకే లయలో లేచి తొక్కడం కష్టం, దాంతో నీరసిస్తుంది. కాబట్టి చదునుకి చాలా బరువు గేరూ కావాలి, ఎక్కుడికి చాలా తేలిక గేరూ కావాలి.

మూడు చైన్‌వీళ్లనీ మార్చే ఎలక్ట్రానిక్ డెరెయిలర్ లేకపోలేదు. 2014లో షిమానో ఎక్స్‌టీఆర్ డీఐ2 తెచ్చినప్పుడు అందులో ఉంది. కానీ అది కొండ సైకిళ్ల కోసం, 40-30-22 పళ్లకి చేసింది. మనకి సరిపోదు. 40 పళ్లతో చదునులో మీ కాళ్లు ఊరికే తిరిగిపోతాయి. తేలిక గేరుకని 22 ముందు, 40 వెనక పెడితే పెడల్ ఒక చుట్టుకి సైకిల్ 1.2 మీటర్ల కన్నా తక్కువే కదులుతుంది. అంత నెమ్మదిలో ఇద్దరితో టాండెమ్‌ని నిలబెట్టడమే పెద్ద పని. ఇంకో నియమం కూడా గుర్తుంచుకోండి: 11 గేర్ల డీఐ2లో ముందు, వెనక డెరెయిలర్లు రెండూ ఒకే జాతివై ఉండాలి. ముందు రోడ్డుది, వెనక కొండది పెడితే పనిచేయవు.

మరి రెండే చైన్‌వీళ్లు పెట్టుకుంటే ఏవి? చాలామంది పెద్దది, మధ్యది ఉంచి లోపలి చిన్నది తీసేస్తారు. నాకు అది నచ్చదు. నా మాట వినండి, బయటి 52 తీసేయండి. మధ్యలో ఉన్న 39 స్థానంలో 46 పళ్లది బిగించండి. లోపలి 30 దాని చోటునే ఉండనివ్వండి.

లెక్క చూడండి. మన 700×28 చక్రం ఒక చుట్టుకి దాదాపు 2.14 మీటర్లు వెళ్తుంది. వెనక క్యాసెట్, అంటే వెనక చక్రం మీది పళ్ల చక్రాల గుత్తి, 11 నుంచి 34 పళ్లది. అన్నిటికన్నా తేలిక గేరు 30 ముందు, 34 వెనక. పెడల్ ఒక చుట్టుకి 1.9 మీటర్లకి కాస్త తక్కువ. ఇప్పుడు మీకున్నదీ అదే, అందులో ఏమీ పోదు. అన్నిటికన్నా బరువు గేరు 46 ముందు, 11 వెనక. చుట్టుకి 8.9 మీటర్లు. నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకి 48 కిలోమీటర్లు. 52తో ఇంకొంచెం వచ్చేది, నిజమే. కానీ బంజారాహిల్స్ ఎక్కుడైనా, వికారాబాద్ దగ్గర అనంతగిరి ఘాట్ అయినా మిమ్మల్ని గట్టెక్కించేది తేలిక గేరే.

ఈ అంకెలు డెరెయిలర్ హద్దుల్లో కూడా ఇముడుతాయి. 46, 30 మధ్య తేడా 16. రోడ్డు డీఐ2 ముందు డెరెయిలర్ మోయగలిగింది అంతే, రోడ్డు సైకిళ్ల 50-34 పళ్ల జతకీ అదే తేడా. వెనక తేడా 34లోంచి 11 తీస్తే 23. రెండు తేడాలూ కలిపితే 39. షిమానో వాళ్ల రోడ్డు డీఐ2 రకం అల్టెగ్రా ఆర్8050లో పొడవు కేజ్ (చైను నడిచే చట్రం) ఉన్న వెనక డెరెయిలర్‌కి గరిష్ఠం కూడా సరిగ్గా 39, పెద్ద పళ్లు 34. అంచుకి వచ్చి ఆగాం, దాటలేదు.

క్రాంకు మార్చొద్దని అంతగా ఎందుకంటున్నానో ఇప్పుడు చెప్తాను. సైకిల్‌ని ఎడమ వైపు నుంచి చూడండి. ముందు క్రాంకునీ వెనక క్రాంకునీ కలుపుతూ ఒక పొడవాటి చైను ఉంది కదా, అది టైమింగ్ చైను. దాని రెండు చైన్‌వీళ్లూ ఒకే గీతలో ఉండాలి. మామూలు డబుల్ క్రాంకులకి ఎడమ వైపు చైన్‌వీల్ బిగించే చోటే ఉండదు, కాబట్టి షోరూములో మెరిసే క్రాంకు మనకి పనికిరాదు. పోనీ బీబీ యాక్సిల్, అంటే రెండు క్రాంకులనీ కలిపే ఇరుసు, పొట్టిది వేసి కుడి వైపు చైన్‌వీళ్లని లోపలికి తెద్దామా అంటే, ఎడమదీ లోపలికి వస్తుంది. 5 మిల్లీమీటర్లు పొట్టి యాక్సిల్ వేస్తే అటు రెండున్నర, ఇటు రెండున్నర. అప్పుడు ముందు క్రాంకుని కూడా కదపాలి. కుడి వైపు చిన్న పని కోసం ఎడమ వైపు బాగున్నదాన్ని చెడగొట్టుకోవద్దు. బయటి చైన్‌వీల్ తీసేస్తే మిగతా రెండూ తమంతట తామే లోపలి వైపు ఉంటాయి, యాక్సిల్ ముట్టుకోకుండానే.

బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. 46 చైన్‌వీల్ లోపలి ముఖం మీద చిన్న మెట్లూ పిన్నులూ ఉంటాయి, చైనుని పైకి ఎక్కించేవి అవే. ఆ ముఖం 30 వైపే ఉండాలి. బయటకి పొడుచుకొచ్చిన పిన్ను ఒకటి విడిగా కనిపిస్తుంది, అది సరిగ్గా క్రాంకు వెనక రావాలి. చైను బయటికి జారితే క్రాంకుకీ చైన్‌వీల్‌కీ మధ్య ఇరుక్కోకుండా అది ఆపుతుంది. బయటిది తీసేశాం కాబట్టి పాత బోల్టులు పొడవైపోతాయి, పొట్టివి కొనండి. 11 గేర్ల చైను పల్చన, మన పాత చైన్‌వీళ్ల మధ్య సందు వెడల్పు. చైను ఆ సందులో కూర్చుని జారుతుంటే 46కీ, దాన్ని పట్టుకునే క్రాంకు ఐదు చేతులకీ మధ్య పల్చటి వాషర్లు వేస్తే అది లోపలికి జరిగి సందు తగ్గుతుంది. 46 పళ్లు ఫ్రేము వెనక గొట్టానికి తగలట్లేదని చేత్తో తిప్పి చూశాకే చైను వేయండి.

ముందు డెరెయిలర్ కేజ్ అడుగుకీ 46 పళ్లకీ మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. మోటారు తోపు గట్టిది, డెరెయిలర్ మెలి తిరగకుండా దాని వెనక ఒక ఆసరా స్క్రూ ఉంటుంది. అది ఫ్రేముకి ఆనే చోట చిన్న లోహపు బిళ్ల అంటించాలి. పెయింట్ పాడవుతుందని అది మానేయకండి.

వెనక సీట్లో కూర్చునే మీ నేస్తానికి చూపు లేదు కదా. నాకు ఈ పని మీద ఇంత పట్టుదల అందుకే. పారాలింపిక్స్‌లో చూపులేని సైక్లిస్టులు టాండెమ్ వెనక సీట్లోనే పోటీ చేస్తారు, ముందు చూపున్నవాళ్లు కూర్చుంటారు. కేబుల్ గేర్లలో వెనకవాళ్లకి సాధారణంగా తొక్కడమే పని, గేర్ల మీద అధికారం ఉండదు. డీఐ2లో కొండ ఎక్కేటప్పుడు వాడే చిన్న బటన్ల జత విడిగా దొరుకుతుంది, దాన్ని వెనక హ్యాండిల్‌కి కట్టి వెనక గేర్లు తనకి అప్పగించొచ్చు. బటన్ వేలికి టిక్కుమని తగులుతుంది, వెంటనే మోటారు సన్నగా జుయ్యిమంటుంది, ఆ తర్వాత పెడల్ తేలికవుతుంది. ఇందులో కంటితో చూడాల్సింది ఏదీ లేదు. బటన్లు ఏ వేలికి అందాలో తననే అడిగి బిగించండి.

బ్యాటరీ అయిపోవస్తే ముందు డెరెయిలర్ మొదట ఆగిపోతుంది, వెనకది ఇంకాసేపు పనిచేస్తుంది. కాబట్టి ముందు గేరు కదలకపోతే టెన్షన్ పడకండి, ఇంటి దారి పట్టండి.

డెరెయిలర్ కొనేముందు ఒక కొలత కావాలి. వెనక సీటు కింది గొట్టం నడిమి నుంచి, మధ్య, లోపలి చైన్‌వీళ్ల నడుమ దాకా ఎన్ని మిల్లీమీటర్లో తీయండి. 44 దగ్గర వస్తే అల్టెగ్రా ముందు డెరెయిలర్ చాలు. 46, 47 వస్తే 2019లో వచ్చిన షిమానో జీఆర్ఎక్స్ రకానిది తీసుకుందాం, అది రెండున్నర మిల్లీమీటర్లు బయటికి ఉంటుంది. టాండెమ్ వెనక చక్రం హబ్బు వెడల్పు కాబట్టి రెండోదే కావచ్చని నా అంచనా. టేపుతో వద్దు, వెర్నియర్ కాలిపర్‌తో తీయండి. అంకె ఫోన్‌లో పంపండి, ఆర్డర్ నేను పెడతాను.

ఇట్లు
మీ పెదనాన్న