నేల ఉసిరి పసరు: వాదనంతా ఆ మద్రాసు ప్రయోగం మీదే

వానలు పడి తాగునీళ్లు చెడితే చాలు, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కామెర్లూ వస్తాయి, కామెర్ల వెంట పసరు గొడవా వస్తుంది. పసరు తాగుతూ కూర్చుని, లివర్ చెడ్డాక ఆసుపత్రికి తెస్తున్నారని డాక్టర్లు అంటారు. నేల ఉసిరి పనిచేస్తుందని పేరున్న వైద్య పత్రిక లాన్సెటే అచ్చువేసింది కదా అని పసరు పక్షంవాళ్లు అంటారు. తాతల నాటి మందన్న సంగతి ఎవరూ కాదనరు, దాన్ని పక్కన పెడదాం. లాన్సెట్ అచ్చువేసిన మాటా నిజమే. ఏం వేసిందన్నదే చూడాలి.

మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎస్.పి. త్యాగరాజన్ బృందం 1982లో నేల ఉసిరి, గుంటగలగర రసాలను పరీక్షనాళికలో హెపటైటిస్-బి ఉపరితల యాంటిజెన్ మీద, అంటే ఆ వైరస్ పైపొరలోని ప్రోటీన్ మీద ప్రయోగించింది. ఆ యాంటిజెన్‌ను కనుగొని 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్ తర్వాత ఈ పనిలో చేరాడు. 1988లో మనుషుల మీద చేసిన ప్రయోగం ఫలితం లాన్సెట్‌లో వచ్చింది. ఎండు మొక్క పొడి 200 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు, 30 రోజులు. మందు ఆపిన 15-20 రోజులకు రక్తం చూస్తే 37 మందిలో 22 మందికి యాంటిజెన్ లేదు. మందు లేని ఉత్త గొట్టాలు మింగిన 23 మందిలో ఒక్కరికే పోయింది. దీర్ఘకాలిక వాహకుల్లో, అంటే వైరస్ ఒంట్లోనే ఉండిపోయినవాళ్లలో, అది దానంతట అది పోయేది ఏడాదికి నూటికి ఒకరికి. అందుకే అంత సంచలనం. అయితే ఆ పత్రం తనది ప్రాథమిక అధ్యయనమేనని చెప్పుకుంది. ఈ మాట ఊళ్లలోకి వచ్చేసరికి రాలిపోయింది.

ఇంకో మాటా రాలిపోయింది, అదే అసలుది. ఆ మందు మింగినవాళ్లు హెపటైటిస్-బి వాహకులు. కామెర్ల రోగులు కారు. మన దగ్గర పసరుకు వెళ్లేవాళ్లలో ఎక్కువమందివి కలుషిత నీటివల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాల కామెర్లు. వైరస్ వేరు, జబ్బు నడక వేరు. మద్రాసు ప్రయోగం వీళ్ల గురించి ఏమీ చెప్పలేదు.

సరే, బి విషయంలోనైనా అది నిలిచిందా? 1990లో థాయిలాండ్ బృందం అదే మొక్కతో చేసి విఫలమైంది. అదీ లాన్సెట్‌లోనే వచ్చింది, దాన్ని మాత్రం ఎవరూ చూపించరు. 1994లో న్యూజీలాండ్‌లోనూ అంతే. మొక్క పెరిగిన నేల, కోసిన కాలం తేడాల వల్ల ఇలా జరుగుతుందని మొక్కను సమర్థించేవాళ్ల వివరణ. తీసిపారేయదగ్గది కాదు. చైనా అధ్యయనం 1995లో వచ్చింది. వేర్వేరు చోట్ల సేకరించిన మూడు రకాల మొక్కలు వాడారు. ఒక రకంతో ఇ-యాంటిజెన్ (బి వైరస్ చురుగ్గా పెరుగుతోందని చెప్పే గుర్తు) కొంత మెరుగ్గా పోయింది కానీ, మద్రాసులో పోయిందన్న ఉపరితల యాంటిజెన్ ఒక్కరికీ పోలేదు. కామెర్ల రోగుల మీదే నేరుగా చేసిన పరీక్ష 1999లో కేరళ నుంచి వచ్చింది. చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. బి మీద జరిగిన 16 అధ్యయనాలను, 1326 మంది రోగులను కలిపి చూసిన 2011 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష కూడా, మందు లేని ఉత్త గొట్టాలతో పోలిస్తే మేలుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదంది.

మొక్క గుర్తింపులోనూ చిక్కుంది. మద్రాసులో వాడింది ఫిల్లాంథస్ అమరస్. ఆయుర్వేద మందుల ప్రామాణిక గ్రంథమైన ఫార్మకోపియా తామలకి (నేల ఉసిరి సంస్కృత పేరు) కింద చెప్పింది ఫ్రాటెర్నస్. పాత పుస్తకాల్లో రెంటినీ నిరూరి అన్నారు, అసలు నిరూరి అమెరికా ఖండాలది. భూతద్దం పెట్టి ఆడపువ్వు చూస్తే అమరస్‌కు ఐదు రేకులు, ఫ్రాటెర్నస్‌కు ఆరు. కాండం ఎర్రగా ఉండి, కాయలు తొడిమ లేకుండా ఆకుకాడకు అంటుకుని గరుకుగా ఉంటే అది యురినేరియా. పొలంగట్టున ఈ మూడూ ఒకచోటే కలిసి మొలుస్తాయి, పిడికెడు పీకితే ఏది ఎంత వచ్చిందో తెలియదు. మోతాదూ అంతే. ఫార్మకోపియా ప్రకారం రసం 10-20 మిల్లీలీటర్లు, పొడి 3-6 గ్రాములు. పసరు పోసేచోట ఉసిరికాయంత ముద్ద, గ్లాసు మేకపాలు లేదా మజ్జిగ. ఈ మొక్కలోని ముఖ్య పదార్థం ఫిల్లాంథిన్ ఆకులోనే ఎక్కువ, పైగా నీళ్లలో సరిగా కరగదు. నూరి గుడ్డలో పిండితే గ్లాసులోకి దిగింది ఎంతో ఎవరు కొలిచారు?

మరి పసరు తాగినవాళ్లకు తగ్గుతోంది కదా? తగ్గుతుంది. ఎ, ఇ కామెర్లలో పచ్చదనం తెచ్చే బిలిరుబిన్ రక్తంలో ఒకటి రెండు వారాలు పెరిగి తనంతట తనే దిగుతుంది. జ్వరం, వాంతులు అయ్యి, మూత్రం పచ్చబడి, కళ్లు పచ్చగా కనబడి, పసరు రోజు వచ్చేసరికి చాలామంది దిగే దారిలోనే ఉంటారు. మూడు పొద్దులు పోయగానే నయమైందంటే ఆ పేరు పసరుకే పోతుంది.

అలా దిగని కొద్దిమంది సంగతే ఆసుపత్రివాళ్ల బాధ. ఎముక విరిగి పుత్తూరు కట్టుకు పోయేవాళ్లు కూడా ఎక్స్‌రే చేతపట్టుకుని పోతారు. పసరుకు రక్తపరీక్ష కాగితంతో పోయేవాళ్లు తక్కువ. గర్భం చివరి మూడు నెలల్లో హెపటైటిస్-ఇ వస్తే ఐదుగురిలో ఒకరి దాకా ప్రాణం మీదికి వస్తుంది. మలం తెల్లబడి ఒళ్లంతా దురద పెడితే పిత్తనాళంలో రాయో గడ్డో అడ్డుపడి ఉండొచ్చు, దానికి ముందు స్కానింగ్ కావాలి. మత్తుగా పడి ఉండటం, తికమక మాటలు, చిగుళ్ల రక్తం కనిపిస్తే రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్‌ఆర్ పరీక్షకు ఆ పూటే పరుగెత్తాలి. పత్యం పేరుతో ఉప్పు, నూనె మానేసి గంజినీళ్ల మీద ఉంచడం వీళ్లను ఇంకా నీరసింపజేస్తుంది. కళ్లలో పసరు పిండటం, మణికట్టు మీద వాతలు పెట్టడం వల్ల ఏ మేలూ లేదు, కళ్లకూ చర్మానికీ చేటు.

ఇక లాన్సెట్ కాగితం అసలు ఎవరి గురించో ఆ బి వాహకులకు 1988లో చేతికందే మందు లేదు. ఇప్పుడు టెనోఫోవిర్, ఎంటెకావిర్ అనే మందులు ఉన్నాయి, 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది.