కమలా తొక్క చివరన, నిమ్మరసం ఇంకా చివరన

అల్లం, దాల్చిన చెక్క, కమలా తొక్క అన్నీ ఒకే గిన్నెలో వేసి పది నిమిషాలు మరిగిస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. తీరా ఆ కషాయం తాగితే ఘాటు ఉంటుంది, కాస్త చేదు ఉంటుంది, కమలా మాత్రం ఉండదు. ఇల్లంతా పరుచుకున్న ఆ వాసన కప్పులో ఉండాల్సింది మరి.

కమలా తొక్కను రెండుగా మడిచి, దీపం పక్కన గట్టిగా నొక్కి చూడండి. చిటపటమంటూ నిప్పురవ్వలు ఎగురుతాయి. తొక్క మీద కనిపించే సూదిమొనంత చుక్కల్లో ఉన్న నూనె అది. అందులో అధికభాగం లిమోనీన్ అనే సువాసన పదార్థం. దాని మరుగు ఉష్ణోగ్రత 176 డిగ్రీల సెల్సియస్. నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి కదా, అదెలా పోతుంది? నీళ్లలో కలవని నూనె కాబట్టి ఆవిరి దాన్ని వెంటబెట్టుకు పోతుంది. నిమ్మగడ్డి నూనె తీసేవాళ్లు వాడుకునేది ఈ గుణాన్నే. వాళ్లు ఆ ఆవిరిని చల్లార్చి పట్టుకుంటారు, మనం కిటికీలోంచి వదిలేస్తాం.

అందుకే ఏది ఎప్పుడు వేశామన్నదే అసలు సంగతి. రెండు కప్పులకు 450 మిల్లీలీటర్ల నీళ్లు పెట్టండి. అంగుళం అల్లం దంచి, అంగుళం దాల్చిన చెక్క, రెండు లవంగాలు, కచ్చాపచ్చాగా నలిపిన ఆరు మిరియాలు వేసి, మూతపెట్టి సన్నసెగ మీద ఎనిమిది నిమిషాలు ఉంచండి. గట్టి చెక్కలోకి, వేరులోకి నీళ్లు దిగడానికి అంతసేపు కావాలి. స్టవ్ కట్టేశాక చితక్కొట్టిన రెండు యాలకులు, బొటనవేలంత కమలా తొక్క ముక్కలు రెండు వేసి, నాలుగు నిమిషాలు మూత తియ్యకండి. వడగట్టి, గోరువెచ్చగా అయ్యాక కప్పుకు ఒక టీస్పూను నిమ్మరసం. గిన్నె స్టీలుదైతే మేలు. కళాయి లేని ఇత్తడిలో పులుపు తగిలితే రాగి కరిగి దిగుతుంది.

మిరియాలు నలపకుండా వేస్తే దండగే. వాటి ఘాటుకు మూలమైన పైపరీన్ లీటరు చన్నీటిలో 40 మిల్లీగ్రాములే కరుగుతుంది, వేడినీటిలోనూ పెద్దగా దిగదు. గొంతుకు తగిలే మంటలో చాలావరకు నీళ్లలో తేలే నలుసులదే. లవంగాల తీరు వేరు. ఎండు మొగ్గ బరువులో ఆరో వంతు దాకా నూనే ఉంటుంది, అందులో ముఖ్యమైన యూజినాల్ నాలుకను మొద్దుబారుస్తుంది. మూడో లవంగం పడిందంటే మిగతావేవీ రుచి తెలియవు. అల్లం బదులు శొంఠి వేస్తే సగం చాలు: ఎండేటప్పుడు అల్లం ఘాటుకు మూలమైన జింజరాల్ కొంత షోగోల్‌గా మారుతుంది, దాని ఘాటు ఎక్కువ.

దాల్చిన చెక్క పొడి వద్దు, ముక్కే వెయ్యండి. పొడి నీళ్లలో జిగురుగా సాగి, జల్లెడకు అడ్డం పడుతుంది. బజారులో దొరికే మందపాటి, ఒకే చుట్ట చెక్క చాలావరకు కాసియా అనే రకం. అందులో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ. ఇది మోతాదు మించితే కాలేయానికి చేటు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు శరీర బరువు కిలోకు రోజుకు 0.1 మిల్లీగ్రాము. రోజూ తాగేవాళ్లు పలుచని పొరలు పొరలుగా చుట్టుకున్న సిలోన్ చెక్క కొనుక్కోవడం మంచిది, ధర ఎక్కువైనా.

ఇక చేదు. తొక్క కింది తెల్లని పొరలోనూ, గింజల్లోనూ ఉండే ఒక పదార్థానికి మొదట రుచే ఉండదు. పులుపు తగిలాక నెమ్మదిగా లిమోనిన్ అనే చేదుగా మారుతుంది (పైన చెప్పిన లిమోనీన్ వేరు). పొద్దున బాగున్న కషాయం సాయంత్రానికి చేదెక్కడం అందుకే. తొక్కను పీలర్‌తో పైపైన మాత్రమే తియ్యాలి, తాగేముందు ముక్కలు తీసేయాలి. అంత ఓపిక లేకపోతే నిమ్మాకో దబ్బాకో తుంపి వెయ్యండి. మజ్జిగలో వేసుకునే ఆకే ఇది. ఇందులోనూ నూనె తిత్తులుంటాయి, తెల్లపొర బెడద ఉండదు. నా ఓటు దబ్బాకుకే.

విటమిన్ సి కోసమే తాగుతున్నామంటే మాత్రం లెక్క కుదరదు. టీస్పూను నిమ్మరసంలో ఉండేది 2 మిల్లీగ్రాములు; పెద్దలకు రోజుకు కావలసింది 65 నుంచి 80.

నిల్వకు కలుపుకోవాలంటే: ఎండు కమలా తొక్క 40 గ్రాములు, శొంఠి 20, దాల్చిన చెక్క 15, యాలకులు 10, మిరియాలు 5, లవంగాలు 3. తొక్కను నీడలోనే ఆరబెట్టాలి. విరిస్తే టప్పున విరగాలి, వంగితే తేమ ఉన్నట్టే, బూజు పడుతుంది. ఈ మిశ్రమాన్ని మరిగించకండి. కప్పుకు ఒక టీస్పూను వేసి, సలసల కాగిన నీళ్లు పోసి ఆరు నిమిషాలు మూతపెడితే చాలు. అన్నిటినీ జొన్నగింజ సైజుకు దంచుకోండి. లేదంటే డబ్బా కదిలినప్పుడల్లా నలుసులు అడుక్కి జారి, పెద్ద ముక్కలు పైకొస్తాయి: మొదటి వారమంతా తొక్క వాసన, ఆఖరి వారం మిరియాల మంట.