చిన్న ట్రయల్స్‌కి దారి 2018లోనే ఇరుకైంది

అమెరికాలో వైద్య పరిశోధనలకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్. దాని గ్రాంట్ల గొడవ 2025లో మళ్లీ రాజుకుంది. ఆ ఏడాది ప్రభుత్వం గ్రాంట్లు రద్దు చేయడంతోనే ఇదంతా మొదలైందని చాలామంది రాస్తున్నారు గానీ, నా దృష్టిలో అసలు మలుపు 2018 జనవరి 25.

ఆ రోజు నుంచి మందునో చికిత్సనో మనుషుల మీద పరీక్షించే ట్రయల్‌కి గ్రాంటు కావాలంటే, ట్రయల్స్‌ని అనుమతించే ఎన్‌ఐహెచ్ గ్రాంటు ప్రకటన కిందే దరఖాస్తు పెట్టాలన్నారు. అంతకుముందు, పాత మందు కొత్త జబ్బుకి పనికొస్తుందేమో 20, 30 మందిలో చూద్దామనుకున్న డాక్టర్, ఒక్కో రకం జబ్బుల్ని చూసే ఎన్‌ఐహెచ్ విభాగాల్లో, అంటే ఇన్‌స్టిట్యూట్‌లలో, చాలావాటికి ఆర్21 అనే మామూలు చిన్న గ్రాంటు కోసమే రాసుకునేవారు. అందులో నేరుగా పరిశోధన ఖర్చులకు వచ్చేది రెండేళ్లకి కలిపి గరిష్ఠంగా 2,75,000 డాలర్లు, ట్రయల్‌కి అది ఏ మూలకీ చాలదు, అయినా పేటెంట్ గడువు తీరిపోయిన మందు మీద ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? 2018 తర్వాత ట్రయల్స్ కోసం వేరే ఆర్21 పెట్టారు, కానీ 27 ఇన్‌స్టిట్యూట్‌లు, సెంటర్లలో అన్నీ అందులో చేరలేదు. మీ జబ్బు చూసే ఇన్‌స్టిట్యూట్ చేరకపోతే ఆలోచన ఎంత మంచిదైనా ఆ దారి మూసుకుపోయినట్టే.

ఎన్‌ఐహెచ్ వాదన కూడా ఉంది. తాము డబ్బిచ్చిన ట్రయల్స్‌లో సగం కన్నా తక్కువే, ముగిసిన 30 నెలల్లోపు జర్నల్‌లో అచ్చయ్యాయని 2012లో తేలింది, దాన్ని సరిదిద్దాలన్నారు.

అసలు గొడవ, ట్రయల్ అంటే ఏమిటనే నిర్వచనాన్ని ఎన్‌ఐహెచ్ 2014లో మార్చడంతో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి బొమ్మలు చూపించి మెదడు స్కాన్ తీసే ప్రయోగాలు కూడా ట్రయల్స్ కింద లెక్కకొచ్చేలా ఉంది అది. దాంతో 2017లో బేసిక్ సైన్స్ వాళ్లు, అంటే చికిత్స కోసం కాక మెదడు, శరీరం ఎలా పనిచేస్తాయో చూసే శాస్త్రవేత్తలు, వేల సంతకాలతో బహిరంగ లేఖ రాశారు, 2018 మార్చిలో అమెరికా చట్టసభ కాంగ్రెస్ కలగజేసుకుంది, వాళ్లకి సడలింపులు వచ్చాయి. చికిత్సను మొదటిసారి మనిషి దగ్గరికి తెచ్చే చిన్న ట్రయల్స్ వాళ్లు మాత్రం కొత్త నియమాల కిందే ఉండిపోయారు, వాళ్ల తరఫున అంత గట్టిగా అడిగినవాళ్లు లేరు. నాకు బాధ కలిగించేది ఇదే.

అప్పటి నుంచి వాళ్లు ఒక్క గ్రాంటు మీద, ఒక్క ఇన్‌స్టిట్యూట్ ఇష్టం మీద బతుకుతున్నారు. అందుకే 2025 దెబ్బ అంత లోతుగా దిగింది. ఫిబ్రవరి చివరి నుంచి ఆగస్టు మధ్యలోపు ఎన్‌ఐహెచ్ డబ్బిచ్చిన సుమారు 11,000 ట్రయల్స్‌లో 383కి గ్రాంటు పోయింది, వాటిలో చేరినవాళ్లు 74,000 మందికి పైనే. పెద్ద ట్రయల్‌కి వేరేచోట నుంచి సాయం దొరకవచ్చు. 30 మంది కావాల్సినచోట 18 మందితో ఆగిపోతే మందు పనిచేసిందో లేదో చెప్పలేం, ఆ 18 మంది మాత్రం రిస్క్ తీసుకున్నారు.

2025 ఆగస్టు 21న అమెరికా సుప్రీంకోర్టు 5-4తో రద్దులను అప్పటికి కొనసాగనిచ్చింది. పోయిన గ్రాంటు డబ్బు కోసం ప్రభుత్వం మీద డబ్బు దావాలు విచారించే ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టుకి వెళ్లాలంది. అక్కడ గెలిచి డబ్బు చేతికొచ్చేదాకా రోగులు ఆగరు, ట్రయల్ నర్సు కూడా జీతం లేకుండా ఆగలేదు.