మూడేళ్ల నల్లకోటు: జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష అర్హత వెనుక ఉన్న చరిత్ర

కింది కోర్టుల్లో తొలి మెట్టైన జూనియర్ సివిల్ జడ్జి పదవి పరీక్షకు చదువుతున్నవారు ఇకపై పుస్తకాలతో పాటు ఒక కాగితాన్ని కూడా సిద్ధం చేసుకోవాలి. అభ్యర్థి మూడేళ్లు న్యాయవాదిగా ప్రాక్టీసు చేశారని కనీసం పదేళ్ల అనుభవం ఉన్న న్యాయవాది రాసి ఇవ్వగా, ఆ జిల్లా ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించిన పత్రం అది. 2025 మే 20న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయ్ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం ఇచ్చిన తీర్పుతో ఈ షరతు మళ్లీ దేశమంతటికీ వచ్చింది. ‘మళ్లీ’ అన్న మాటను ఇక్కడ గట్టిగా పట్టుకోవాలి. అఖిల భారత జడ్జీల సంఘం వేసిన కేసులోనే ఇదే న్యాయస్థానం 1993లో ఈ షరతును పెట్టింది, 2002లో తీసేసింది, 2025లో తిరిగి తెచ్చింది. ఈ రాకపోకల వెనుక కారణాలేమిటో తెలియకపోతే, లా పట్టా చేతపట్టుకున్న ఇరవై మూడేళ్ల యువతికి ఇది ఎవరో కావాలని తన దారికి అడ్డంగా వేసిన కంచెలా కనిపిస్తుంది.

న్యాయాధికారిని ఎక్కడి నుంచి తీసుకోవాలన్న ప్రశ్న మన ప్రాంతంలో చాలా పాతది. దత్త మండలాలకు (నేటి రాయలసీమ ప్రాంతం) కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో సిఫార్సుల మీద మద్రాసు ప్రెసిడెన్సీలో 1816లో చేసిన రెగ్యులేషన్లు గ్రామ మునసబులకూ జిల్లా మునసబులకూ సివిల్ తగాదాలు తీర్చే అధికారాన్ని ఇచ్చాయి. తర్వాతి కాలంలో న్యాయవాద వృత్తికి అర్హతగా ప్లీడరీ పరీక్ష వచ్చింది. మద్రాసు హైకోర్టులో తొలి భారతీయ న్యాయమూర్తి అయిన టి. ముత్తుస్వామి అయ్యర్ 1850లలో ఆ పరీక్షలో నెగ్గి, జిల్లా మునసబుగా నియమితులైనవారే. మన పెద్దవాళ్లు ఇప్పటికీ తాలూకా కోర్టును ‘మునసబు కోర్టు’ అనే పిలవడం ఆనాటి ఆనవాలు.

రాజ్యాంగం వచ్చాక కింది కోర్టుల నియామకాలను 233, 234 అధికరణాలు నిర్దేశించాయి. బయటి నుంచి నేరుగా జిల్లా జడ్జి కావాలంటే ఏడేళ్ల న్యాయవాద వృత్తి ఉండాలని 233లోనే రాశారు. అంతకు కింది పదవుల విషయంలో మాత్రం ఎన్నేళ్లన్నది చెప్పకుండా, పబ్లిక్ సర్వీస్ కమిషన్‌నూ హైకోర్టునూ సంప్రదించి గవర్నరు చేసే నియమాలకు 234 వదిలేసింది. ఆ వదిలేసిన చోటే ఈ వివాదమంతా పుట్టింది. ఎం.సి. సెతల్వాడ్ అధ్యక్షతన మొదటి లా కమిషన్ 1958లో ఇచ్చిన 14వ నివేదిక కింది స్థాయి జడ్జీలకు ప్రాక్టీసు అనుభవం ఉండాలని చెప్పింది. పైస్థాయికి అఖిల భారత న్యాయ సర్వీసు ఉండాలని కూడా అదే నివేదిక సూచించింది. ఆ సర్వీసుకు 1976లో 42వ సవరణ ద్వారా 312వ అధికరణంలో చోటు దొరికినా, అది ఇప్పటికీ కాగితం దాటలేదు.

జడ్జీల జీతభత్యాల మీద, సర్వీసు నిబంధనల మీద జడ్జీల సంఘం వేసిన కేసులో 1991 నవంబరులో మొదటి తీర్పు వచ్చింది. దానిపై ప్రభుత్వాలు వేసిన పునస్సమీక్ష పిటిషన్లను విచారిస్తూ 1993 ఆగస్టు 24న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులోనే మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అర్హతగా ప్రవేశించింది. పుస్తక జ్ఞానం గానీ సర్వీసుకు ముందు ఇచ్చే శిక్షణ గానీ కోర్టు నడిచే తీరును దగ్గరుండి చూసిన అనుభవానికి సాటిరావని ధర్మాసనం అభిప్రాయపడింది. ఒక మాదిరి పట్టణంలోని కోర్టు హాల్లో ఉదయం పదిన్నరకు కాల్ వర్క్ నడుస్తున్నప్పుడు వెనక బెంచీలో కూర్చున్నవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. బంట్రోతు పేర్లు పిలుస్తాడు. ఒక న్యాయవాది వాయిదా అడుగుతాడు. అది నిజమైన ఇబ్బందా, కేసును సాగదీసే ఎత్తా అన్నది ఆయన గొంతును బట్టి, గత మూడు వాయిదాల్లో ఏం జరిగిందన్నదాన్ని బట్టి జడ్జి క్షణంలో పోల్చుకోవాలి. ఇది ఏ గైడులోనూ ఉండదు.

ఆ తీర్పు తర్వాత తొమ్మిదేళ్లకు గాలి తిరిగింది. కింది కోర్టు జడ్జీల జీతభత్యాలు, సర్వీసు నిబంధనల పరిశీలనకు 1996లో ఏర్పాటైన జస్టిస్ కె. జగన్నాథ శెట్టి కమిషన్ 1999లో నివేదిక ఇస్తూ, తాజా పట్టభద్రులను తీసుకుని గట్టి శిక్షణ ఇవ్వడం మేలని సూచించింది. 2002 మార్చి 21న సుప్రీంకోర్టు దాన్ని ఆమోదించింది. అప్పటి వాదనలో బలముంది. 1980లలో మొదలైన అయిదేళ్ల న్యాయ కోర్సు, బెంగళూరు జాతీయ న్యాయ కళాశాల, 1998లో వచ్చిన హైదరాబాద్ నల్సార్ వంటి సంస్థలు ఇంటర్ పూర్తిచేసిన చురుకైన పిల్లలను న్యాయశాస్త్రం వైపు తెచ్చాయి. అలాంటివారు మూడేళ్లు ప్రాక్టీసులో నిలదొక్కుకున్నాక, తాలూకా కోర్టు జడ్జి జీతానికి ఎందుకు వెనక్కి వస్తారన్నది ఆనాటి ప్రశ్న. అందుకే షరతును ఎత్తివేసి, ఏడాదికి తక్కువ కాకుండా, వీలైతే రెండేళ్లు శిక్షణ ఇవ్వాలన్నారు. నా ఉద్దేశంలో ఆ తీర్పులోని రెండో సగాన్నే మన వ్యవస్థ తేలిగ్గా తీసుకుంది. ఖాళీలు పేరుకుపోయి, కోర్టులు జడ్జిల కోసం ఎదురుచూస్తుంటే, రెండేళ్ల శిక్షణ మీద ఎవరూ పెద్దగా పట్టుబట్టలేదు. ఖాళీల భర్తీకి ఏటా ఒక కాలక్రమం పాటించాలని మాలిక్ మజర్ సుల్తాన్ కేసులో 2007 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చిందంటే పరిస్థితిని ఊహించుకోవచ్చు.

షరతు పోవడంతో చాలా రాష్ట్రాల్లో చదువు తీరే మారింది. కోర్టుకు వెళ్లే అవసరం లేనప్పుడు, నాలుగో ఏడాది నుంచే బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేని చట్టపాఠాలు) బట్టీపట్టి, కోచింగ్‌లో చేరి, సెక్షన్ల నంబర్లు తడుముకోకుండా చెప్పగలవారే ముందుండడం సహజం. అందులో తప్పు పిల్లలది కాదు. పరీక్ష దేన్ని అడిగితే దాన్నే చదువుతారు. అన్ని రాష్ట్రాలూ ఒకే దారిన వెళ్లలేదు కూడా. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2020లో ఇచ్చిన సివిల్ జడ్జి పోస్టుల నోటిఫికేషన్‌లో మూడేళ్ల ప్రాక్టీసు అర్హతగా ఉంది. దాన్ని ప్రశ్నిస్తూ ఒక పట్టభద్రుడు సుప్రీంకోర్టుకు వెళితే, 2021 ఆరంభంలో న్యాయవాద వృత్తిని నియంత్రించే జాతీయ సంస్థ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆ షరతును సమర్థిస్తూ తానూ కేసులో చేరతానని ప్రకటించింది. జాతీయ స్థాయి చర్చకు మళ్లీ ఊపు తెచ్చిన సందర్భాల్లో మన రాష్ట్రపు నోటిఫికేషన్ కూడా ఒకటి.

మన రెండు రాష్ట్రాల పరీక్షలో ఒక మంచి అంశం ఉంది. ముందు ఆబ్జెక్టివ్ తరహా స్క్రీనింగ్, తర్వాత సివిల్, క్రిమినల్ చట్టాల పేపర్లు, చివర్లో మౌఖిక పరీక్ష ఉంటాయి. వీటి నడుమ ఇంగ్లీషు పేపరులో వ్యాసంతో పాటు అనువాదం కూడా ఉంటుంది. చాలామంది దీన్ని చివరి వారానికి వదిలేస్తారు. కోర్టు బతుకు నిజంగా తొంగిచూసేది ఈ అనువాదంలోనే. ‘గట్టు జరిపి రెండు సాళ్లు లోపలికి దున్నుకున్నాడు’ అని సాక్షి చెప్పినప్పుడు, ఆ రెండు సాళ్ల వెడల్పు ఎంతో తెలియని జడ్జి ఇంగ్లీషులో ఏదో ఒక మాట రాస్తే, పై కోర్టు చదివేది ఆ మాటనే. ‘పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం’ అన్నదాన్ని ఉత్త బహుమతిగా రాసేస్తే, ఆడబిడ్డకు పుట్టింటివారు భూమి ఇచ్చే ఆనవాయితీ అంతా రికార్డు నుంచి జారిపోతుంది. జూనియర్‌గా నాలుగు డిపాజిషన్లు (సాక్షుల వాంగ్మూలాల నమోదు) దగ్గరుండి చూసినవారికి ఇది నిఘంటువు లేకుండానే తెలుస్తుంది. 2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, దానితో పాటు కొత్త ప్రక్రియా, సాక్ష్య చట్టాలు అమల్లోకి రావడంతో అభ్యర్థులు పాత, కొత్త సెక్షన్లను పక్కపక్కన పెట్టుకుని చదవాల్సి వస్తోంది. ఈ శ్రమలో పడి అనువాదాన్ని మరింత పక్కన పెట్టేస్తారేమోనని నాకు బెంగగా ఉంది.

2025 తీర్పుకు ఆధారం ఎక్కువగా హైకోర్టులు చెప్పిన అనుభవమే. కోర్టు అనుభవం లేనివారిని ఇరవై ఏళ్లకు పైగా నియమిస్తూ వచ్చిన ప్రయోగం సఫలం కాలేదని, పదవి చేపట్టిన రోజు నుంచే ప్రజల ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి, పరువుల మీద నిర్ణయాలు చేయాల్సిన వ్యక్తికి ఆ అనుభవం తప్పదని ధర్మాసనం భావించింది. మూడేళ్ల లెక్కను పూర్తి స్థాయి ప్రాక్టీసుకు నెగ్గాల్సిన బార్ పరీక్ష గట్టెక్కిన తేదీ నుంచి కాకుండా, న్యాయవాదిగా తాత్కాలికంగా పేరు నమోదైన (ఎన్‌రోల్‌మెంట్) తేదీ నుంచే చూడాలని, న్యాయమూర్తుల వద్ద లా క్లర్కుగా పనిచేసిన కాలాన్నీ కలపాలని చెప్పింది. ఎంపికైనవారు బెంచి మీద కూర్చునే ముందు ఏడాది శిక్షణ పొందాలి. అప్పటికే మొదలైన నియామకాలకు ఈ షరతు వర్తించదు.

తీర్పులోని తర్కాన్ని నేను ఒప్పుకుంటాను. కానీ ఆ మూడేళ్ల ఖర్చు ఎవరు భరించాలన్నది 1993లోనూ తేలలేదు, ఇప్పుడూ తేలలేదు. తండ్రో మేనమామో న్యాయవాది అయిన ఇంట్లో పుట్టినవాడికి ఆ కాలం చదువుకు కొనసాగింపు. పల్లె నుంచి వచ్చి, జిల్లా కేంద్రంలో గది అద్దెకు తీసుకుని, సీనియర్ గారి ఆఫీసులో ఉచితంగా ఫైళ్లు మోసే మొదటి తరం న్యాయవాదికి అది ఆకలితో గడిపే కాలం. ఆడపిల్ల అయితే, పెళ్లి మాట ఎత్తే ఇంటివారిని మూడేళ్లు ఆపడం కూడా ఆమె మీదే పడుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరు 3న ప్రారంభించిన లా నేస్తం పథకం, కొత్తగా వృత్తిలోకి వచ్చినవారికి మొదటి మూడేళ్లు నెలకు రూ.5,000 ఇవ్వడం ద్వారా ఈ సమస్యను నేరుగా తాకింది. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో కనీసం రూ.20,000, గ్రామీణ ప్రాంతాల్లో రూ.15,000 చొప్పున నెలకు ఇవ్వాలని సూచించినా, అది సూచనే తప్ప ఆదేశం కాదు. ప్రాక్టీసును అర్హతగా చేసినప్పుడు, ఆ ప్రాక్టీసుకు కూలి ఇవ్వాలన్న నియమం కూడా దాని పక్కనే రావలసింది.

2025లో పట్టా పుచ్చుకుని ఆ ఏడాదే బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేసుకున్నవారికి ఈ లెక్కన పరీక్ష రాసే అర్హత వచ్చేది 2028లో. వారిలో ఎందరు అప్పటిదాకా నల్లకోటులోనే ఉండగలరన్నది నోటిఫికేషన్ నాటి దరఖాస్తులు చెబుతాయి.