మూడు వందల డాలర్లు ఎక్కడికి పోతాయి? అమెరికా అంతర్యుద్ధంలో క్వేకర్ల చిక్కు

1688లోనే పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో నలుగురు బానిసత్వం పాపమని పత్రం రాసి, యుద్ధం కూడదని నమ్మే క్రైస్తవ శాఖ క్వేకర్ల సభ ముందు పెట్టారు. పెద్దలు దాన్ని పక్కన పడేశారు. సభ్యులెవరూ బానిసలను ఉంచుకోరాదని ఫిలడెల్ఫియా వార్షిక సభ ఖాయం చేసేసరికి 1776 వచ్చింది. ఆయుధం పట్టరాదన్న నియమం అంతకంటే పాతది, 1661లో ఇంగ్లండు రాజుకు రాసిచ్చినది. 1863 జనవరి 1న లింకన్ విముక్తి ప్రకటన చేశాక ఈ రెండు నియమాలూ ఒకే ఇంట్లో ఎదురెదురు నిలబడ్డాయి. బానిసలకు విడుదల తెచ్చేది ఇప్పుడు తుపాకీయే.

ఆ మార్చి 3న లింకన్ ప్రభుత్వపు నిర్బంధ సైనిక భర్తీ చట్టం వచ్చింది. 20 నుంచి 45 ఏళ్ల మగవాళ్లందరి పేర్లూ రాసుకున్నారు. చీటీలో పేరొస్తే సైన్యంలో చేరాలి, లేదా బదులు మనిషిని పంపాలి, లేదా 300 డాలర్లు కట్టాలి. డబ్బు కట్టి బయటపడొచ్చు కదా అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. చట్టం ప్రకారం ఆ సొమ్ము బదులు మనిషిని తేవడానికే. కట్టినవాడు తుపాకీ పట్టడు గానీ, పట్టేవాడికి కూలి ఇచ్చినట్టే.

వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన క్వేకర్ సైరస్ ప్రింగిల్ అందుకే కట్టలేదు. తాను కడతానని బంధువొకరు ముందుకొచ్చినా ఒప్పుకోలేదు. 1863 అక్టోబరులో వర్జీనియాలోని కల్పెపర్ శిబిరంలో తుపాకీ శుభ్రం చేయనన్నందుకు ఆయన్ని కాళ్లూ చేతులూ చాపి, మేకులకు తాళ్లతో కట్టి నేలమీద పడేశారు. తర్వాత వాషింగ్టన్ ఆసుపత్రిలో పని ఇచ్చారు. అదీ ఆయన మనసుకు సమ్మతం కాలేదు: తాను రోగులను చూస్తే, ఆ పని చేస్తున్న సైనికుడు యుద్ధానికి వెళతాడు. నవంబరులో లింకన్ జోక్యంతో ఇంటికి పంపారు.

1864 ఫిబ్రవరి సవరణ సరిగ్గా ఈ మెలికనే విప్పబోయింది. మతరీత్యా ఆయుధం పట్టనివారు ఆసుపత్రుల్లో గానీ, విముక్తులైన బానిసల సంరక్షణలో గానీ పనిచేయొచ్చు. లేదా 300 డాలర్లు కడితే అది గాయపడిన, జబ్బుపడిన సైనికులకు వెళుతుంది. చాలామందికి ఇది నచ్చింది. గట్టివాళ్లు మాత్రం, మనస్సాక్షికి పన్నేమిటని నిలదీశారు. నా దృష్టిలో వాళ్ల ప్రశ్న న్యాయమైనదే.

దక్షిణాన, అంటే బానిసత్వం కోసం విడిపోయిన రాష్ట్రాల్లో, పరిస్థితి ఇంకా కఠినం. అక్కడి 1862 అక్టోబరు చట్టం క్వేకర్లను, వాళ్లలాగే ఆయుధం పట్టని డంకర్లు, మెన్నొనైట్లు, నజరీన్లు అనే క్రైస్తవ శాఖలవాళ్లను 500 డాలర్లకు వదిలింది. బానిసత్వాన్ని కాపాడే ప్రభుత్వానికే ఆ డబ్బు చేరుతుంది.

"మీవాళ్లకు చాలా పెద్ద పరీక్ష వచ్చింది" అని 1864 సెప్టెంబరులో క్వేకర్ బోధకురాలు ఎలైజా గర్నీకి లింకన్ రాశాడు. కొందరు ఒక దారి, కొందరు మరో దారి పట్టారన్నాడు. నిజంగానే ఎందరో క్వేకర్ యువకులు యుద్ధానికి వెళ్లారు. నియమం ప్రకారం వాళ్లను సమాజం నుంచి తొలగించాలి. చాలా సభలు మాత్రం, తప్పు జరిగిందని ఒక్క కాగితం రాసిస్తే చాలని వాళ్లను మళ్లీ తమ బల్లల మీద కూర్చోబెట్టుకున్నాయి.