క్యాన్సర్‌కు కాళ్ళుంటాయా?

బుజ్జికీ, చిన్నుకీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీ అమ్మా నేనూ చిన్నతాతయ్య పెద్దపేగు క్యాన్సర్ రిపోర్టు గురించి మాట్లాడుకుంటుంటే "పాకలేదట" అన్న మాట మీ చెవిన పడింది. చిన్ను ఫోను లాక్కుని, "అమ్మమ్మా, పాకడానికి క్యాన్సర్‌కు కాళ్ళుంటాయా?" అన్నాడు. బుజ్జి వాడిని కసిరింది. కసరకు తల్లీ. 32 ఏళ్ళు మైక్రోస్కోపు ముందు కూర్చుని పేగు ముక్కలు చూసినదాన్ని. వాడు అడిగింది ఆ వృత్తికంతటికీ మూలమైన ప్రశ్న. రెండు ముక్కల్లో చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను.

ఒక విధంగా కాళ్ళు ఉంటాయి. సైన్సు పుస్తకంలో అమీబా మిథ్యాపాదాలు చాపుకుంటూ కదులుతుందని చదివారు కదా, గడ్డలోంచి బయలుదేరిన క్యాన్సర్ కణం కూడా అలాగే జరుగుతుంది. అయితే కదలాలంటే ముందు అది పక్క కణం చేయి వదలాలి. ఆ చేయి పేరు ఇ-క్యాడ్హెరిన్. అదొక ప్రోటీన్. ఒక కొస కణం లోపల, ఒక కొస బయట ఉంటుంది. బయటి కొస పక్క కణం నుంచి వచ్చిన అలాంటి కొసనే పట్టుకుంటుంది. ఆ పట్టు నిలవడానికి కాల్షియం కావాలి. 1980లలో జపాన్‌లోని క్యోటోలో మసతోషి తకేయిచి ఈ ప్రోటీన్లకు పేరు పెట్టినప్పుడు కాల్షియాన్ని ఆ పేరులోనే కలిపాడు. లోపలి కొసను పట్టి ఉంచేవాటిలో బీటా-కేటెనిన్ అనే ఇంకో ప్రోటీన్ ఉంటుంది. దాని పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇవన్నీ కంటికి ఎలా కనిపిస్తాయంటారా? ఆపరేషన్‌లో తీసిన పేగును, కుళ్ళకుండా కాపాడే ఫార్మలిన్ అనే ద్రవంలో ఉంచి, అందులోంచి చిన్న ముక్కలు తీసి మైనంలో పొదుగుతారు. ఆ మైనపు దిమ్మను మైక్రోటోమ్ మీద మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోస్తారు. మన వెంట్రుకలో అది సుమారు ఇరవయ్యో వంతు. కోసిన పొరను గోరువెచ్చని నీటి మీద వదిలితే ముడుతలు విప్పుకుని పూతరేకులా పరుచుకుంటుంది. గాజు పలకను దాని కిందికి పోనిచ్చి మెల్లగా పైకెత్తాలి. ఊపిరి గట్టిగా తగిలినా మడత పడిపోతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి నెల నేను ఎన్ని పాడుచేశానో లెక్కలేదు. తరవాత ఆ పొర మీద యాంటీబాడీ వేస్తారు. మనం వెతుకుతున్న ప్రోటీన్‌ను మాత్రమే అది వెళ్ళి పట్టుకుంటుంది. పట్టుకున్న చోటల్లా గోధుమరంగు తేలేలా చేస్తారు. కేంద్రకాలు నీలంగా కనిపించడానికి హెమటాక్సిలిన్ వేస్తారు. ఆ రంగును మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవలోంచి తీస్తారు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దపేగు లోపొరను అడ్డంగా కోసి చూస్తే చేమంతులు పరిచినట్టుంటుంది. ఇ-క్యాడ్హెరిన్‌కు రంగు వేస్తే ప్రతి కణం చుట్టూ సన్నని గోధుమ గీత, తేనెపట్టు గదుల్లా. క్యాన్సర్ గడ్డ నడిమిలో కూడా చాలాసార్లు ఆ గీతలు ఉంటాయి. పలకను జరుపుకుంటూ గడ్డ అంచుకు, అంటే పేగు గోడలోకి చొచ్చుకుపోతున్న చోటికి రావాలి. అక్కడ గీతలు పలచబడతాయి, తెగుతాయి. ఒకటో రెండో కణాలు, మహా అయితే నాలుగు, గుంపును విడిచి విడిగా కనిపిస్తాయి. వాటిని మొగ్గలంటారు. 2016లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం 0.785 చదరపు మిల్లీమీటర్ల మేర వాటిని లెక్కపెడతారు. పది, అంతకు మించి ఉంటే పాకే ముప్పు ఎక్కువని అర్థం.

ఇప్పుడు బీటా-కేటెనిన్ సంగతి. మంచి కణంలో అది అంచున కాపలా ఉంటుంది. మిగులు పోగవకుండా ఏపీసీ అనే మరో ప్రోటీన్ తోటి ప్రోటీన్లతో కలిసి నాశనం చేయిస్తుంది. పెద్దపేగు క్యాన్సర్లలో అత్యధిక భాగం ఆ ఏపీసీ జన్యువు చెడిపోయినవే. మిగులు పేరుకుని కేంద్రకంలోకి చొరబడి, పెరగమని చెప్పే జన్యువులను తట్టి లేపుతుంది. గడ్డ అంచు కణాల్లో గోధుమరంగు సరిహద్దును విడిచి కేంద్రకంలో ముద్దగా కనిపించడం నేను ఎన్నోసార్లు చూశాను. ప్రోటీన్ అదే. ఎంత ఉందో కొలిస్తే సరిపోదు, ఎక్కడ ఉందో చూడాలి.

చేయి వదిలినంత మాత్రాన దారి దొరకదు. చుట్టూ కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ పోగుల అల్లిక ఉంది, దాన్ని కోయాలి. కోసే ఎంజైమును మొదట ఎక్కడ పట్టుకున్నారో చెబితే చిన్ను ఎగిరి గంతేస్తాడు. తోకకప్పలో! అది కప్ప అవుతున్నప్పుడు తోక రాలిపోదు, కరిగిపోతుంది. అలా కరిగించేదాన్ని 1962లో అమెరికాలో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ కనిపెట్టారు. మన గాయాలు మానడానికీ ఇదే కుటుంబపు ఎంజైములు కావాలి. క్యాన్సర్ వాటిని పక్కనున్న మంచి కణాల చేత కూడా తయారు చేయించుకుంటుంది. వీటిని అడ్డుకునే మందులతో 1990లలో ఎన్నో ఆశలు పెట్టుకున్నారు, అవి ఫలించలేదు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది వేరే ఉంది. పేగు రక్తం ముందుగా కాలేయానికి వెళుతుంది కనుక ఈ క్యాన్సర్ ఎక్కువగా అక్కడే దిగుతుంది. 2001లో జర్మనీలో థామస్ బ్రాబ్లెట్స్ బృందం పాకిన గడ్డలను పరిశీలించింది. వాటి నడిమిలో బీటా-కేటెనిన్ మళ్ళీ సరిహద్దుకు చేరి ఉంది! చేతులు వదిలి వచ్చిన కణాలు కొత్త చోట మళ్ళీ చేతులు పట్టుకున్నాయి. అందుకే ఒక్క ప్రోటీన్‌ను చూసి తీర్పు చెప్పేవాళ్ళను నేను నమ్మను.

చిన్నతాతయ్య రిపోర్టులో ఈ రెండు ప్రోటీన్ల ఊసే లేదు. చికిత్స నిర్ణయించడానికి వాటిని మామూలుగా చూడరు. గడ్డ గోడలో ఎంత లోతుకు దిగిందో, రక్షణ కణాలుండే చిన్న గుళికల్లాంటి లింఫు గ్రంథులకు చేరిందో లేదో చూస్తారు. 1932లో లండన్‌లో కత్‌బర్ట్ డ్యూక్స్ చూపిన దారే అది. కనీసం 12 గ్రంథులు వెతకాలన్నది నియమం. చిన్నతాతయ్యవి 16 చూశారు. ఒక్కదానిలోనూ లేదు.

ఒక నాలుగు ప్రోటీన్లు మాత్రం తప్పకుండా చూస్తారు: ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6. డీఎన్‌ఏ నకలు రాసేటప్పుడు దొర్లే తప్పులు దిద్దేవి ఇవే. ఇవి లేని గడ్డల్లో తప్పులు గుట్టలుగా పడి వింత ప్రోటీన్లు పుడతాయి. వాటిని మన రక్షణ కణాలు గుర్తుపట్టి మీద పడతాయి. అందుకే అలాంటివి దూరానికి పాకడం తక్కువ. అయితే కొన్ని కుటుంబాల్లో ఈ లోపం తరతరాలుగా వస్తుంది కాబట్టి అప్పుడు అన్నదమ్ములనూ పిల్లలనూ కూడా పరీక్షించాలి. మన రిపోర్టులో నాలుగూ ఉన్నాయి. మీ అమ్మ ఆ రాత్రి కాస్త నిద్రపోయింది.

ఒక మాట దాచకుండా చెబుతాను. చిన్నతాతయ్య మలంలో రక్తం చూసి, మొలలేలే అనుకుని ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో వాళ్ళందరి పలకలూ చదివిన అక్కను, నాకు కూడా చెప్పలేదు. సిగ్గుపడ్డాడట. ఆ ఎనిమిది నెలలు తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

"పాకలేదు" అంటే చూసిన ముక్కల్లో పాకినట్టు కనబడలేదని. అంతకు మించి ఎవరూ మాట ఇవ్వలేరు. అందుకే ఇకపై మూడు నెలలకోసారి ఆయన రక్తంలో సీఈఏ అనే ప్రోటీన్ చూస్తారు. 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ దాన్ని పెద్దపేగు క్యాన్సర్ కణజాలంలోనే కనుగొన్నారు. అది పెరుగుతుంటే మళ్ళీ వెతుకుతారు. మొదటి పరీక్ష వచ్చే నెల రెండో సోమవారం. ఆ ఉదయం ఆయనకు ఫోను చేయండి. రిపోర్టు ఊసెత్తకుండా తోకకప్ప కథ చెప్పండి. చిన్ను అడిగిన ప్రశ్న ఆయన మనసులోనూ ఉందని, నన్ను అడగలేకపోతున్నాడని నాకు అనిపిస్తోంది.

మీ అమ్మమ్మ