లైసెన్సు తుపాకీ ఉన్న ఇంట్లో ఎవరైనా కుంగిపోతే: అపోహలు - వాస్తవాలు

మాజీ సైనికుల ఇళ్లలో, బ్యాంకు గార్డుల ఇళ్లలో లైసెన్సు తుపాకీ ఉండడం విశాఖలో కొత్తేమీ కాదు. ఆ ఇంట్లో ఎవరి నోటైనా "బతకాలని లేదు" అన్న మాట వస్తే, ఆ రోజే తుపాకీ గడప దాటాలి.

అపోహ: తుపాకీ తీసేస్తే ఇంకో దారి చూసుకుంటారు.
చావాలన్న ఉధృతి చాలామందిలో నిమిషాల్లోనో గంటల్లోనో తగ్గిపోతుంది. ఆ గడియ గడవాలి, అంతే. 2006లో ఇజ్రాయెల్ సైన్యం, వారాంతపు సెలవుకి ఇంటికెళ్లే కుర్ర సైనికుల రైఫిళ్లను బేస్‌లోనే ఉంచేయించింది. ఆత్మహత్యల రేటు దాదాపు 40 శాతం తగ్గింది. తగ్గుదల ప్రధానంగా వారాంతాల్లోనే. మిగతా రోజుల్లో పెద్ద తేడా లేదు.

అపోహ: బీరువాకి తాళం ఉందిగా!
పిల్లల విషయంలో అది మంచిదే. కుంగిపోయింది ఇంటాయనే అయితే తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది.

అపోహ: కొన్నాళ్లు బావమరిది ఇంట్లో పెడదాం.
ఆయనకి లైసెన్సు లేకపోతే 1959 ఆయుధ చట్టం కింద ఇద్దరికీ కేసు. పోలీస్ స్టేషన్లోగానీ, లైసెన్సున్న ఆయుధ డీలర్ దగ్గరగానీ డిపాజిట్ చేయాలి. ముందు ఫోన్ చేసి అడగండి. లైసెన్సుదారుడే ప్రమాదంలో ఉంటే తుపాకీ ఆయన చేతికివ్వొద్దు, మీరూ మోసుకెళ్లొద్దు. 112కి ఫోన్ చేసి పోలీసులనే రమ్మనండి.

ఖాళీ చేయడం తెలిసినవాళ్ల పని. పిస్టల్‌కి ముందు మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీయాలి, తర్వాతే స్లైడ్ (వెనక్కి జరిగే పైభాగం) లాగి ఛాంబర్ (పేలే తూటా కూర్చునే చోటు) చూడాలి. వరస తప్పితే ఛాంబర్లోకి ఇంకో తూటా ఎక్కి కూర్చుంటుంది. డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకీని కీలు దగ్గర వంచి తెరిచి రెండు గొట్టాలూ చూడాలి. తూటాలు వేరే సంచిలో పెట్టి, లైసెన్సు పుస్తకంతో లెక్క సరిచూడండి. రసీదులో బోరు (గొట్టం లోపలి కొలత), సీరియల్ నంబరు, తూటాల సంఖ్య ఉన్నాయో లేదో అక్కడే చదువుకోండి.

తుప్పు పడుతుందని వెనకాడేవాళ్లున్నారు. మన సముద్రపు గాలికి అది నిజమైన భయమే. గన్ ఆయిల్‌తో తుడిచి ఇవ్వండి; తోలు కవర్ తేమ పట్టి ఉంచుతుంది, అందులో వద్దు.

అపోహ: ఒకసారి ఇస్తే తిరిగి రాదు.
ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా ఎంతోమంది డిపాజిట్ చేసి, తర్వాత రసీదు చూపి తెచ్చుకుంటూనే ఉన్నారు. లైసెన్సు గడువు మాత్రం ఆగదు, రెన్యువల్ మరవకండి. డాక్టరు సరేననేదాకా తొందరపడి వెనక్కి తేవద్దు.

అపోహ: అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే.
కాదు. "నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఇంటివాళ్లు కూడా చేయొచ్చు.